దీర్ఘం

కపితొలీనా యెగోరొవ్నా. డెబ్బై మూడేళ్లు.
దారాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు
కండెలు మార్చిన చేతులు.
ఇప్పుడు నా ముందు బెంచీలో
చెక్కిన పెన్సిళ్లు మూడు వరసగా పెట్టుకుని
ఒకటో తరగతి పిల్లలా కూర్చుంది.

పరీక్ష ఇంకా ఇరవై రోజులు.
ప్యాసైతే తన ఇంట్లో తనుంటుంది.
తప్పితే
ఏమవుతుందో చెప్పే ఉత్తరం మర్యాదగానే ఉంది.
మా లాత్వియన్‌లో భవిష్యత్ కాలం
ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది.

పెన్షన్ ముందొస్తుందని
ఆ మధ్య ఎర్ర పాస్‌పోర్ట్ తీసుకుందట, రష్యాది.
"సంతకం పెట్టించుకున్నప్పుడు
యుద్ధం గురించి ఎవరూ చెప్పలేదు" అంది.
ఎవరు చెబుతారు.

నిన్న లేచి నిలబడి వాక్యం అప్పజెప్పింది:
"పోయిన శనివారం మా మనవరాలి మేకలకు వెళ్లాను."
నేనొక్కదాన్నే నవ్వాను.
మిగతా పదకొండు మంది ముసలివాళ్లు
శ్రద్ధగా రాసుకున్నారు.

బోర్డు మీద రాసి చూపించాను.
కజస్ అంటే మేకలు. కాజస్ అంటే పెళ్లి.
అక్షరం నెత్తిన ఆ చిన్న అడ్డగీత చూడండి,
అది దీర్ఘం. గొంతు అక్కడ కాస్త ఆగాలి.
"ఎంతసేపు?" అంది.
యాభై నాలుగేళ్లు ఈ ఊళ్లో ఉన్న మనిషి
ఎంతసేపని అడిగితే
ఏం చెప్పను.

మా తమ్ముడు గుంతిస్ అంటాడు,
ఇన్నేళ్లలో రొట్టె అడగడానికి
ఒక్క మాట నేర్వలేకపోయిందా అని.
వాడన్నది తప్పని అనలేను.
మా అమ్మమ్మ ఒతీలియా
పద్నాలుగో ఏట, నలభై తొమ్మిది మార్చిలో,
పశువుల బండిలో ఓమ్‌స్క్ వెళ్లి
మూడు వారాల్లో నేర్చుకుంది వాళ్ల భాష.
ఉచ్చారణ తప్పితే రొట్టె ముక్క చిన్నదయ్యేదట.
ఆ పరీక్షకు సర్టిఫికెట్ ఇవ్వలేదు.
తిరిగొచ్చాక మళ్లీ ఆ భాష నోట రానివ్వలేదు.
గుడ్లు మాత్రం
చచ్చేదాకా రష్యన్‌లోనే లెక్కపెట్టింది.
ఎందుకని అడిగితే
గరిటె ఎత్తేది.

విరామంలో కపితొలీనా నా దగ్గరకొచ్చింది.
థర్మాస్ మూతలో టీ పోసి నాకిచ్చింది, తను తాగలేదు.
ఫ్యాక్టరీలో పక్క మగ్గం దగ్గర
మీ పిల్ల ఒకతె ఉండేది, అంది.
తనలో తను మీ భాషలో ఏదో గొణుక్కునేది.
"మనుషుల భాష మాట్లాడు" అన్నానొకసారి.
అందరూ అనేవాళ్లు. నేనూ అన్నాను.
ఆ తర్వాత ఆ పిల్ల అసలు మాట్లాడలేదు.

నేనేమీ అనలేదు.
టీ చల్లారిపోతోంది.
"స్కైద్రితె" అంది. "ఆ పేరులో దీర్ఘం ఎక్కడొస్తుంది?"
ద్రీ దగ్గర, అన్నాను.
పుస్తకం చివరి పేజీ తీసి రాసుకుంది.
గీత కాస్త పొడవుగా గీసింది,
పక్క అక్షరం మీదకి కూడా.

పరీక్ష రోజు బయట బల్ల మీద కూర్చున్నాను.
అమ్మకు చెప్పలేదు వచ్చానని.
నలభై నిమిషాలకు వచ్చింది, రుమాలు చేతిలో ముద్దగా.
ఏమడిగారు?
"బజారులో ఏం కొన్నారని."
ఏం చెప్పారు?
"గుడ్లు. పది. ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పాను.
ఏడు దగ్గర తడబడ్డాను.
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను."

ఫలితాలు శుక్రవారం.

వంతెన దాకా కలిసి నడిచాం.
ఈ నదిని తను ద్వీనా అంటుంది, నేను దౌగవ అంటాను.
గట్టున గాలం వేసుకుని కూర్చున్న ముసలాయన
రెండు భాషల్లోనూ తిట్టాడు,
నీడ పడుతోంది, జరగమని.

ట్రామ్ వచ్చింది.
ముందున్న పలక మీది పేరు
వేలు గాల్లో ఆడిస్తూ కూడబలుక్కుని చదివింది.
ఒక దీర్ఘం ఎక్కువ పడింది.
దిద్దలేదు నేను.