గాలి తీయడం

ఫెండరు కోసే ముందు, కేతిల్,
ఆ గ్రైండరు పక్కన పెట్టి టేపు తియ్యి.
ముప్పై ఎనిమిది అంగుళాల టైరు
తిన్నగా నిలబడ్డంతసేపూ బుద్ధిగానే ఉంటుంది.
స్టీరింగు చివరిదాకా తిప్పి చూడు,
ఎక్కడ ఒరుసుకుంటుందో అదే చెప్తుంది.
సుద్దతో గీయి. గీతకి రెండు వేళ్ళు ఎగువన కోయి.
ముందు చక్రాల దగ్గర నేను ఒక వేలే వదిలాను,
ఆ గీరుడు నీకూ వినబడుతూనే ఉంది కదా.

పేరుకి నిస్సాన్ పెట్రోల్, తాగేది డీజిలు.
నాకు అమ్మినవాడు ఎర్లింగుర్.
అడుగున నున్నగా తారు పూసి
"చాసిస్ ఉక్కు పిండం" అన్నాడు.
స్క్రూడ్రైవరుతో పొడిస్తే
కేకు ఉడికిందో లేదో చూసే పుల్లలా
పిడి దాకా దిగిపోయింది.
నేనేమీ అనలేదు.
వాళ్ళావిడ చేసిన నల్ల రొట్టె
అప్పటికే సగం తిన్నాను.

మొదటి శీతాకాలమంతా అతుకులే.
టపా వ్యాను అప్పగించి ఇంటికొచ్చేసరికి
మూడింటికే చీకటి.
వెల్డింగు వెలుగుకి ఎదురు కొండ మీది మంచు
నీలంగా మెరిసి ఆరిపోయేది.
రెండో ఏడు గేర్లు.
చక్రం పెద్దదైతే పాత పళ్ళు దాన్ని నమలలేవు.
మూడో ఏడు డబ్బుల్లేవు.
గ్రీజు కొట్టి ఊరుకున్నాను.

ఇదిగో, ఈ రబ్బరు గొట్టం,
అప్పట్లో జానెడు కూడా ఉండేది కాదు.
సెప్టెంబరులో గొర్రెల్ని దించుకు రావడానికి పోతూ
మంచు కరిగి పారే ఏట్లోకి దింపాను.
నలభై కిలోమీటర్లు నడిచి కాగిన ఇనుము
అంత చల్లటి నీళ్ళలో పడితే
మనం చేసే పనే చేస్తుంది,
గుక్కెడు ఊపిరి లోపలికి లాగుతుంది.
దాని ముక్కేమో నీళ్ళలోనే ఉంది.
మరుసటి వారం ఇరుసు నట్టు విప్పితే
తేనెరంగు నూనె, నీళ్ళ పాలైనది,
నిజంగానే పాలై కారింది.
ఒక కాఫీ ఖరీదు చెయ్యని గొట్టం.
ఇప్పుడు చూడు, బానెట్ దాకా తెచ్చి కట్టాను.

ఈ కంప్రెసరు ఆకురేరి తుక్కు యార్డులో దొరికింది,
ఎవరిదో సుబారు ఏసీది.
ఈ దేశంలో ఏసీ ఎవడి కోసం పెట్టారో!
మనకి టైర్లు నింపుతుంది.
బెల్టు అరుస్తుంది. అరవనీ.

పోయిన శనివారం హిమానీనదం అంచున
నువ్వు తొక్కినకొద్దీ
నాలుగు చక్రాలు నాలుగు నూతులు తవ్వాయి.
మూడు కొత్త బళ్ళలోంచి నీ స్నేహితులు చూస్తున్నారు.
"గాలి తియ్యాలి" అన్నాను.
అందరి ముందూ నీ గాలే తీసినట్టు
దారంతా మాట్లాడలేదు నువ్వు.

నేనన్నది టైర్ల సంగతి.
ఇరవై ఎనిమిది నుంచి నాలుగుకి.
మోకాళ్ళ మీద ఒక్కో వాల్వు దగ్గరికీ పాకాను.
అంత నిశ్శబ్దంలో
ఆ బుస, చాలాసేపు.
కడుపు పరుచుకుని కూలబడే ఆవులా
టైరు మంచు మీద వెడల్పయింది.
ఒకటో గేరు. పెడల్ మీద బొటనవేలి బరువు, అంతే.
నూతుల్లోంచి లేచి పైపైన నడిచింది,
కింద ఎంత లోతుందో
ఎవరూ చెప్పనట్టు.

ఏదీ, గీశావా?
రెండు వేళ్ళంటే మూడు వదిలావు.
పర్లేదు.
కళ్ళద్దాలు పెట్టుకో. కోయి.