గీత

మా నాన్న పేరు ఏసోబు.
కనిగిరి దాటాక పామూరు రోడ్డు మీద బస్సు దిగి
పొగాకు బ్యారన్ల మధ్యనుంచి మైలు నడిస్తే మా పల్లె.
నాకు కెజీయా అని పేరు పెట్టాడు.
యోబు కష్టాలన్నీ గట్టెక్కాక పుట్టిన బిడ్డ పేరది.
మావి గట్టెక్కకముందే పెట్టేశాడు,
రావలసిన దానికి బయానా ఇచ్చినట్టు.

మారా నీళ్లలో చెట్టు వేస్తే తీపయ్యాయని
పాస్టరుగారు చెప్పిన ప్రతిసారీ
అమ్మ నా వైపు చూసేది.
మా బోరు నీళ్లు చేదుగా ఉండవు.
తియ్యటి నీళ్లే మనిషిని వంచేస్తుంటే
అందులో ఏం వెయ్యాలో
యాడా రాసి లేదు.

నలభై ఐదుకే నాన్న మెడ బిగుసుకుంది.
మోకరించలేడు. ఆకాశం చూడలేడు.
తలలు వంచి ప్రార్థిద్దాం అంటే
"నేనెప్పుడో వంచాను అయ్యగారూ" అనేవాడు.

అయినా సాయంత్రమైతే
చర్చి వెనక ఎర్రమట్టిలో
వేపకర్రతో గీత గీసేవాడు.
అటు ఏడుగురు పిల్లకాయలు, ఇటు నేను.
"కూత తెగనీబాక.
పట్టుకుంటే పట్టుకోనీ, మీద పడితే పడనీ.
కన్ను మాత్రం గీత మీద ఉండాల.
వేలికొన తగిలితే చాలమ్మే,
ఒళ్లంతా దాటబళ్లేదు."

ఒంగోలు పోటీల్లో, సెమీఫైనల్లో,
రెండు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు
నా మోకాలు టప్పుమంది.
ఆ చప్పుడు నాకొక్కదానికే వినపడింది.
ఊపిరి ఉంది, గీత మూరెడు దూరంలో ఉంది.
కేక పెట్టాను.
కేక, కూత కాదు.
రెఫరీ చెయ్యెత్తాడు.

ఆపరేషనుకు అప్పడగని గడప లేదు.
ఆ ఏడాదంతా నేను చర్చికి పోలేదు.
దేవుడితో మాట్లాడలేదని అనను,
తిట్టడం కూడా మాట్లాడటమే అయితే.
నాన్న బలవంతపెట్టలేదు.
ఒకరోజు మాత్రం గోడకు చేరగిలి అడిగాడు:
"అవుటైనోళ్లు యాడికి పోతారు?"
"యాడికీ పోరు. గీత పక్కన కూర్చుంటారు."
"ఆనక?"
"మనోళ్లెవరన్నా తాకొస్తే లేస్తారు."
అంతే. లేచి, ఆకు గుచ్చడానికి పోయాడు.
నాకు ఒళ్లు మండింది.
ఆటనీ వాక్యాన్నీ ముడేసి చెప్పే మనుషులంటే పడదు నాకు.
ఇప్పటికీ పూర్తిగా పడదు.

పోయిన ఎండాకాలం
రాత్రిళ్లు ఆయనకు నిద్ర ఉండేది కాదు.
ఎముకల్లో నిప్పులు పోసినట్టుందనేవాడు.
చీకట్లో ఏదో గొణిగేవాడు, ఒకే ఊపిరిలో, ఆపకుండా.
యేసయ్యా యేసయ్యా అంటున్నాడని అమ్మ,
కబడ్డీ కబడ్డీ అంటున్నాడని నేను.
నోటి దగ్గర చెవి ఆనించి విన్నాను.
తేడా తెలియలేదు.

ఒక తెల్లవారుజామున గొణుగుడు సన్నబడింది.
మంచంపట్టె మీదుగా కుడిచెయ్యి నేలకు జారవిడిచాడు.
వేళ్లు దేన్నో వెతుకుతున్నాయి.
అమ్మ తన చీర చెంగు అందించింది, పట్టుకోలేదు.
కింద చతికిలబడి,
మడత పడని కాలు పక్కకు చాపి,
సుద్దముక్కతో గచ్చు మీద గీత గీశాను.
ఎంత దూరంలో గీయాలో ఆలోచించలేదు.
ఆయన చెయ్యి ఎంత పొడుగో అంత.

వేలికొనకు తెల్లగా సుద్ద అంటింది.
అప్పుడు ఊపిరి వదిలాడు.

మెడ వాలదని పెట్టె లోతుగా చేయించాం.
వడ్రంగి అదనంగా డబ్బు అడగలేదు.

ఇప్పుడు ఆ ఎర్రమట్టిలో నేను గీస్తున్నాను.
బ్యారను కాడ అమ్మకు జ్వరమొచ్చి పడిపోయిన పిల్లా,
ఫీజు కట్టలేక బడి మానేసిన పిల్లా కూడా వస్తారు.
నిన్న ఒకతి నిలదీసింది:
"అక్కా, ఈ గీత రోజుకొక చోట ఉంటదేంది?
నిన్నటికన్నా దగ్గరకొచ్చింది!"

"ముందు నువ్వు కూత పెట్టు" అన్నాను.