కుడిచెవికి అద్దం

సైకిల్‌కి అద్దమేందయ్యా మలకొండయ్యా,
ఈ వయసులో సోకులా, అని
చీమకుర్తి సెంటర్లో సిలార్ నవ్వాడు.
పెదాలను బట్టి కనుక్కున్నా ఆ మాట.
కుడిపక్క నిలబడి మాట్లాడితే నాకు అందదు.

ఇరవై రెండేళ్ళు రంపం పక్కనే నిలబడ్డాను.
నీళ్ళు చిమ్ముతా రాయి పెట్టే కేక
కొంచెం కొంచెంగా నా చెవిలో కాపురం పెట్టి
మిగతా చప్పుళ్ళన్నిటినీ బయటికి గెంటేసింది.
ఎడమది ఇంకా పనిచేస్తుంది,
ముసురు పట్టిన రోజు రేడియోలాగా.

మొన్న రామతీర్థం మలుపులో
టిప్పరొకటి నా మోచేతిని రాసుకుంటా పోయింది.
హారన్ కొట్టి కొట్టి, ఆపి, దిగొచ్చి తిట్టాడు డ్రైవరు.
ఎడమవైపుకొచ్చాక తిట్టినవి మాత్రం అందినయ్.

సిలార్ అట్టపెట్టె దించి దుమ్ము ఊదాడు.
పాత టీవీఎస్‌ది పలకద్దం, మూల పెచ్చు లేచింది.
గుండ్రటిదొకటి, చంటిపిల్ల అరచెయ్యంత.
హ్యాండిల్ కొసలో దూర్చేదంట ఇంకోటి,
రెక్కలాగా ముడుచుకుంటుందంట,
మూడొందల ఎనభై అనేసరికి
ముట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్నా.

పలకద్దం పట్టుకుని రోడ్డుకి వీపు పెట్టాను.
లారీ ఉన్నంత లారీ కనపడింది.
దాని మీద బండరాయి, రాయిని కట్టిన గొలుసు,
గొలుసు మీద తుప్పు.
అయితే లారీ ఒక్కటే.
పక్కన దూరుకొచ్చే మోటారుసైకిల్ లేదు,
అడ్డంపడే గేదె లేదు.

గుండ్రటిది ఉబ్బద్దం.
సెంటరంతా ఎక్కింది దాంట్లో,
టీ బంకు, కర్నూలు బస్సు, జామకాయల బండి,
ఇంత ఆకాశం కూడా.
అన్నీ చిన్నవై, ఎక్కడికో జరిగి,
నాతో పనేం లేనట్టు.
సిలార్ ఎడంపక్కకొచ్చి అరిచాడు:
"దూరంగా ఉందనుకోమాక.
దీంట్లో గోలీకాయంత ఉంటే వీపు మీదున్నట్టే."

తేలలా నాకు.
సగమే చూపించి నిజం చెప్పేదా,
అంతా చూపించి కాస్త బొంకేదా.

అద్దాల సంగతి తెలియని చేతులు కావివి.
గెలాక్సీ రాయికి ఆఖరి పాలిష్ తిరిగాక
నల్లటి నునుపులో, బంగారు చుక్కల మధ్య
నా మొహం లేచొచ్చేది, మీసాల్లో తెల్లపొడితో.
ఏ షావుకారు గచ్చుకో, ఏ దేశం హోటలు మెట్లకో
ఆ మొహాన్ని తుడిచి లారీ ఎక్కించాను.
దాని వెనకాల ఇంకేం కనపడేదో
చూసే తీరిక ఒక్కనాడూ లేకపోయింది.

"నమాజుకి టైమవుతుంది, తేల్చు."
గుండ్రటిదే బిగించమన్నా.
నూట పాతికన్నాడు, నూట పదికి దిగాడు.
మిగిలిన పదిహేనుకి రబ్బరు వాషరు వేయించా, అదురుకి.

అయినా మొదటి రోజంతా అది నా మోకాలినే చూపించింది.
గుంత వస్తే చాలు తల వాల్చేసేది,
వేలితో గడ్డం పట్టి లేపినట్టు లేపుతా పోయా.

మా తిరుపాలమ్మ
గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవదు.
కీడంట.
పిలిచినా నాకొకటే గదా అంటే
నీ చెవి సంగతి నాది కాదు, నా నోటి సంగతి నాది అంటుంది.

ఇవాళ పొద్దున, కుళాయి దాటి సందు మలుపు తిరగబోతా
అద్దంలోకి చూశా.
గోలీకాయలో పసుపు చారంత చీర
ఊగుతా వస్తుంది.
ఒక చెయ్యి కుచ్చెళ్ళు పట్టుకుంది,
ఒక చెయ్యి పైకి లేచి ఉంది, దాంట్లో నా క్యారేజీ.
నోరు మూసే ఉంది.

బ్రేకు నొక్కా.
ఒంటికాలు నేలకానించి కూచున్నా, తల తిప్పలా.
పెద్దదవుతా, పెద్దదవుతా,
అద్దంలో పట్టక, అంచు దాటిపోయి,
ఎడంపక్కకొచ్చి నిలబడింది.

ఆయాసం వినపడింది.