నాలుగాటల తర్వాత

నాలుగాటలయ్యాయి.
రెండు పోయాయి, ఒకటొచ్చింది,
ఒకటి వానకి ఆగిపోయింది.
దాన్ని ఎటువేపు రాయాలో
నా జిరాక్సు కొట్టు మెట్ల మీద ఇంకా తేలలేదు.

"వానొచ్చీసరికి మనవే ముందున్నాం" అంటాడు కూర్మయ్య.
"రెండు పాయింట్లు. అదీ ఓ ముందేట్రా?"
అంటారు సనపల మాస్టారు,
ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి
ఈ ఒక్క లెక్క దగ్గర కూర్చుండిపోయినాయన.

చెడిపోయిన కాపీల వెనక రాస్తాను నేను.
ఇటు తిప్పితే ఎవరిదో సగమే పడ్డ కుల ధ్రువీకరణ పత్రం,
అటు తిప్పితే
పాలకొండ మీద మన పిల్లలు వేసిన ముప్పయ్యొకటి,
వాళ్లు వేసిన నలభై నాలుగు.
కాగితం పల్చన.
మన ఓటమిలోంచి ఎవరి తాత పేరో కనబడుతుంది.

పోయినేడాది సంతోషి ఉంది.
బంతి ఆ పిల్ల చేతికందితే
మేం టీ గ్లాసులు కింద పెట్టేసేవాళ్లం.
ఇప్పుడు ఆమదాలవలసలో మందుల కొట్లో
జ్వరం బిళ్లలు కత్తిరించి ఇస్తోంది.
ఆ ఖాళీలో ఈ ఏడు ముగ్గురు నిలబడుతున్నారు,
ముగ్గురూ ఒకేసారి, ఒకే చోట.
అదీ చిక్కు.

"పొడుగుంది గానీ గెంతదు." మేఘన సంగతి.
"గెంతుతాది గానీ సూడదు." నౌషీన్ సంగతి.
"అన్నీ సూస్తాది గానీ బంతి ఇవ్వదు." కోరాడ చిన్నారి.
ఒక్కో పిల్లకీ ఒక్కో 'గానీ' కట్టి
కోర్టులోకి తోలుతున్నాం మేం.
మా మీద ఎన్ని ఉన్నాయో
మా ఇళ్లల్లో అడగాలి.

టెక్కలితో మూడు పాయింట్లకి పోయింది.
పదిహేడు ఫ్రీ త్రోలొస్తే ఆరు పడ్డాయి.
ఆ ఆరు మాస్టారు మూడుసార్లు కూడారు,
ఆరే.
"ఇంకా తొమ్మిదాటలున్నాయి బాబూ,
ఊడ్చిన పదో రోజున గింజలు తూస్తారేటి?"
"తూయక్కర్లేదురా,
ఆకు ఎక్కడ పల్చబడిందో గట్టు మీంచే తెలుస్తాది."

నిజం చెప్పాలంటే
ఓడిన సాయంత్రమే ఈ మెట్లు నిండుతాయి.
నరసన్నపేట మీద గెలిచిన రోజు
అందరూ బేగి ఇళ్లకి పోయారు.
నేనొక్కణ్ణీ కూర్చుని
ఎవరిదో హాల్ టికెట్టు వెనక
యాభై రెండు అని రాసుకున్నాను,
చెప్పడానికి మనిషి లేడు.

నిన్న ఏడింటికి వాచ్‌మేన్ లైటు తీసేశాడు.
షట్టరు సగం దించాను.
గోడవతల బంతి ఆగలేదు.
"ఎవరది?"
"మేఘనే. ఆ అడుగుల బరువు దానిదే."

ఆ రింగుకి వల లేదు.
పోయిన తుఫానుకి పీలికలై ఊడింది.
కొత్తదానికి పెట్టిన అర్జీ
నా దగ్గరే తీయించారు, మూడు కాపీలు.
వల లేని రింగులో
పడిన బంతి పలకదు.
పడనిదే మోగుతుంది.

ఠంగు.
ఠంగు.
"రెండూ పోయాయి" అన్నారు మాస్టారు చీకట్లో.
తర్వాత,
ఏమీ లేదు.
ఏమీ లేదు, ఆపైన సిమెంటు మీద బంతి.
కూర్మయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.
ఠంగు.
ఏమీ లేదు.
ఏమీ లేదు.
నాగావళి మీంచి చలిగాలి, టీ చల్లారిపోయింది,
ముగ్గురు మగాళ్లం
ఒక ఆడపిల్ల నిశ్శబ్దాన్ని లెక్కపెడుతూ కూర్చున్నాం.

పడినదానికల్లా ఒక గీత గీశాను, కాగితం కనబడకుండానే.
పొద్దున్న చూస్తే
గీత మీద గీత పడి అంతా ఒకటే నల్లమచ్చ.
తొమ్మిదంటాడు కూర్మయ్య.
ఆరే అంటారు మాస్టారు.

శనివారం బొబ్బిలితో.