మూత పడని పెట్టె

పోర్టులో నా పని వ్యాగన్లు లెక్కపెట్టడం.
ఇరవై రెండేళ్లుగా ఎర్రమట్టి కొండలు
నా కళ్లముందే ఓడలెక్కి పోయాయి.
ఈ చేతులు చేసింది ఒక్కటీ లేదు,
సంతకం తప్ప.

అందుకే నలభై ఎనిమిదో ఏట
గోపాలపట్నం మేడమీద, రేకుల గదిలో
ఒక బల్ల వేసుకున్నాను.
హుద్‌హుద్‌కి కూలిన పెరటి పనస
అప్పటికే నాలుగు ముక్కలై గోడవార ఆరుతోంది.
కోస్తే లోపలంతా పసుపు,
ఎవరో ఇప్పుడే నలుగు పెట్టినట్టు.

మొదటి దీపాన్ని నేనే చంపాను.
డాబాగార్డెన్స్‌లో రెండు రూపాయలకి కొన్న ఎర్ర గింజ.
పొడుగు కాలు ఇటు, పొట్టి కాలు అటు,
అంతవరకూ బాగానే పెట్టి
నడుమ రెసిస్టరు మరిచిపోయి
తొమ్మిది వోల్టులూ ఒక్క గుక్కలో తాగించాను.
ఎంత బాగా వెలిగిందో.
అంతే.
మూడు రోజులు ముక్కులో ఆ కమురు వాసన.

అప్పట్నుంచి గోధుమ, నలుపు, ఎరుపు
అనుకుంటూ మెట్లెక్కుతాను.
వెయ్యి ఓములు.
అత్తగారు ఏదో మంత్రమనుకుంటుంది.
సోల్డరు పొగ కిందికి దిగితే
"ఈవేళ గుగ్గిలం ఎవరేశారే?" అని కేకేస్తుంది.

కరిగిన సీసం మెరిస్తే నమ్మాలి,
మసకబారితే నమ్మకూడదు.
ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.
పదహారు అతుకులు ఊడబీకాక
పదిహేడోది చెప్పింది.

చెక్క సంగతి వేరు.
తీగ ఔననో కాదనో అంటుంది, చెక్క చూద్దాం అంటుంది.
ఫిషింగ్ హార్బరులో పడవలు బాగుచేసే
వాసుపల్లి యర్రయ్య ఒక ఆదివారం వచ్చి
నేను చిత్రిక పట్టడం కాసేపు చూసి
బీడీ ఆర్పేశాడు.
"ఏటమ్మా, సెక్కతోటి దెబ్బలాడతన్నావా?
అదెటు పడుకుందో సూడు. అటే తొయ్యి."
తోశాను.
ఉల్లిపొరలాంటి పసుపు చుట్ట
పాదాల మీద పడింది.

మే నెలలో పెట్టె పూర్తయింది.
మూత వేస్తే లోపలి గాలి
ఉస్సురని తప్పుకునేది. అంత బిగువు.
వీధిలో నలుగురికి చూపించాను,
నిజం చెప్పాలంటే ఎనిమిది మందికి.

జులైలో మూత పడలేదు.
నొక్కాను, గుద్దాను, మైనం రాశాను.
ఫోను చేస్తే యర్రయ్య నవ్వు ఆగదు.
"ఎండలో కొలిసి వానలో మూస్తానంటే ఎలాగ?
సెక్క సచ్చిపోయిందనుకున్నావా?
అడ్డంగా ఒళ్లు సేస్తాది గానీ నిలువుగా ఎదగదు,
మనలాగే."

చిత్రిక చేతిలోకి తీసుకుని ఆగిపోయాను.
ఇప్పుడు గీస్తే మాఘంలో లొడలొడ.
ఆ రాత్రి డ్యూటీలో యాభై ఎనిమిది వ్యాగన్లకి
యాభై ఏడని రాశాను.
మనసంతా ఆ మూత అంచు మీదే.

మర్నాడు మూతని సన్నం చేసి
ఒక పక్క మేకులు కొట్టాను, రెండో పక్క వదిలేశాను.
వదిలేసిన చోట వెంట్రుకవాసి సందు,
సందుకి అటొకటి ఇటొకటి రాగి రేకులు,
వాటి వెనక బ్యాటరీ, గోధుమ నలుపు ఎరుపు,
ఒక కొత్త ఎర్ర గింజ.

సింహాచలం కొండ మీద మబ్బు ఇంకా కూర్చోలేదు.
పనస చెక్క గాలిలోని తడి తాగి, తాగి,
ఒళ్లు విరుచుకుని
రాగిని తాకింది.

"బట్టలు తియ్యండర్రా!" అత్తగారి కేక.
వాన రాలేదనుకోండి ఆ రోజు.
మూడుసార్లకి ఒకసారి తప్పుతుంది.
అయినా ఆవిడ టీవీ వార్తల కన్నా
దీన్నే నమ్ముతోంది.

నిన్న యర్రయ్య వచ్చి
పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.
మూత తెరవబోయి, తెరుచుకోదని తెలిసి,
సందు మీద బొటనవేలు పెట్టాడు.
"బాగుంది గానీ
వేటకి తీసుకెళ్తే పనికిరాదమ్మా.
అక్కడ ఇది ఆరదు."