రాయి నంబరు పదిహేడు

చైన్‌మన్‌గా ముప్పైరెండేండ్లు గొలుసు మోసిన.
భుజం మీద దాని మచ్చ ఇంకా ఉన్నది,
ఎండాకాలం దురద పెడుతది.

జమ్ములకుంట చుట్టూ ఇరవైనాలుగు రాళ్ళు పాతినం,
నేనూ, ఖాదర్ అలీ, సున్నం డబ్బా మోసే పిలగాడొకడు.
ఆ ఏడు వానలు గట్టిగ పడ్డయి.
నీళ్ళు ఎక్కడిదాక వచ్చి ఆగినయో
అక్కడ గడ్డి మీద నురుగు గీతొకటి ఎండి ఉండె.
దాన్ని చూసుకుంటనే పోయినం.
ఇంజనీరు సారు లెవెల్ పెట్టి చూసి
"నీళ్ళకంటె బాగ నేను కొలవలేనయ్యా" అన్నడు.
మంచోడు. జల్ది బదిలీ అయిండు.

తర్వాత పటం మారింది.
నీలిగీతను ఎవరో చెరిపిండ్రని అనుకోకుండ్రి.
చెరపలే, జరిపిండ్రు.
చెరిపితే కేసయితది,
జరిపితే సవరణయితది.
గొలుసు అదే, లింకులు అవే నూరు,
యాడికెల్లి మొదలుపెట్టాలెనో
ఫోన్‌ల చెప్పెటోళ్ళే వేరే.
ఆ దినం ఒక కొస నా చేతిలనే ఉండె.
ఈ మాట ఇంట్ల చెప్పలేదు.

రాత్రిపూట టిప్పర్లొచ్చేటివి.
కూలగొట్టిన ఇండ్లను తెచ్చి నీళ్ళల్ల పోసేటివి.
ఒక గోడముక్కకు క్యాలెండరు మేకు ఇంకా ఉండె.
మూడో రాయి మీద కార్ల షెడ్డు లేచింది.
తొమ్మిదోది ఇస్త్రీబండి చక్రానికి అడ్డం.
పద్నాలుగో దాని మీద కూసొని
నేనే చాయ తాగిన, నంబరు చూడకుండ.
ఎండాకాలమొచ్చి చూసినోళ్ళు అడుగుతరు,
ఈడ చెరువేదీ అని.
నైట్‌డ్యూటీకి పోయినోని మంచం
ఖాళీగున్నదని అమ్ముకుంటరా?

పదిహేడు మాత్రం ఉన్నది,
సుక్కవ్వ వలలు ఆరేసుకునే జాగల.
పసుపు, కుంకుమ, వాడిన వేపమండ.
"ఎప్పటిసంది అవ్వా, ఇది అమ్మవారు?"
"టిప్పరు ఈ దిక్కు మళ్ళిన రాత్రిసంది"
అన్నది, చేప పొలుసు గీకుకుంట.
"నీ సున్నం నంబరు ఎవడు సదువుతడు?
కాయిదం మారుస్తరు, సారును మారుస్తరు,
పసుపు తుడిచే చెయ్యి ఇంకా పుట్టలే ఈడ."
నవ్వలేదు.
తను మొక్కుతదో లేదో కూడ తెల్వదు.
మొదటి కొబ్బరికాయ
టిప్పరు డ్రైవరే కొట్టిండట.

నిరుడు బిల్డరు మనుషులొచ్చిండ్రు.
తవ్వనీకె కాదు.
చెప్పులిడిచి, చేతులు కట్టుకొని,
చలువరాతి గద్దె కడతమన్నరు.
కట్టిండ్రు. చుట్టూ గ్రిల్లు.
బ్రోచర్‌ల కూడ ఎక్కించిండ్రు:
ఈతకొలను, జిమ్ము, పిల్లల పార్కు, లోపట్నే గుడి.
తాళంచెవి సెక్యూరిటీ తాన.
సుక్కవ్వ దీపం పెట్టాలంటె
రిజిస్టరుల పేరు రాయాలె, ఫోన్ నంబరు రాయాలె,
ఎవరింటికి వచ్చినవో రాయాలె.
"చెరువింటికి" అని రాయించింది.
ఆ పిలగాడు రాసిండు. బిహార్ నుంచి వచ్చినోడు,
తెలుగు కొత్తగ నేర్చుకుంటున్నడు.

మొన్న భాద్రపదంల రెండు రాత్రులు ఒక్కతీరు వాన.
సెల్లార్‌ల బండ్లు మునిగినయి,
లిఫ్టు మూడో అంతస్తుల ఆగి ఏడ్చింది.
తెల్లారి నీళ్ళు కొంత గుంజినంక పోయి చూసిన.
చలువరాయి మీద, పదిహేడుకు సరిగ్గ ఆనుకొని,
నురుగు గీత.

ఇంటికి పోయి అటక మీది గొలుసు దించిన.
తుప్పు పట్టింది, కాని లింకులు నూరూ ఉన్నయి.
నాకిప్పుడు నౌకరి లేదు, హుకుం లేదు.
రాయి కాడ ఒక కొస సుక్కవ్వ పట్టుకున్నది,
వల గుంజినట్టే, కాలు తన్నిపెట్టి.
రెండో కొస నేను పట్టుకొని నడిచిన.
ఇరవై అడుగులకు గోడ అడ్డమొచ్చింది.
గొలుసును గోడ మీంచి అవతలికేసిన.

పై బాల్కనీలకెల్లి ఎవరో వంగి
"ఎవరు మీరు? ఏం కొలుస్తున్నరు?" అన్నరు.

లెక్క తప్పుతదని
నేను పలకలేదు.