సామాను

కొట్టం తలుపు తోస్తే పావురాలు లేచాయి.
ఓరెస్ట్ హలిక్ ముసలాయన
పుండు మీది కట్టు విప్పినంత మెల్లగా
దుప్పటి లాగాడు.

ఆకుపచ్చ పికప్పు. అరవై ఏడు నాటిది.
సీటు మీద షాపువాళ్ళు తొడిగిన ప్లాస్టిక్కు ఇంకా అలాగే ఉంది.
మైళ్ళ మీటరులో నాలుగు వేల మూడు వందల పన్నెండు.
వెనక్కి వెళ్ళి తొట్టిలోకి తొంగిచూశాను.
ముప్పై ఏళ్ళుగా ఈ సస్కాచివాన్ మట్టిదారుల్లో
స్కూలు బస్సులు బాగుచేస్తున్న దాన్ని,
గీత పడని ఇనుము అదే చూడటం.

"ఏం మోశారు దీంట్లో?"
టోపీ సర్దుకున్నాడు.
"ఏమీ లేదు, లియోనా."

ఆ ఏడు గోధుమ విరగపండిందట, కొన్నాడట.
మరుసటేడు వడగళ్ళు.
ఆ పైయేడు పొలం తమ్ముడి పాలు.
మోయడానికేమీ లేని బండిని
ఆదివారం ఆదివారం, చర్చి నుంచి వచ్చి
కోటైనా విప్పకుండా తుడుస్తూ కూర్చున్నాడు.

చూపుకి చెడలేదు, అంతే.
ట్యాంకులో పెట్రోలు ముదురుపాకమైంది.
బ్రేకు గొట్టం వంచితే అప్పడంలా విరిగింది.
గాలి ఫిల్టరులో ఎలక కాపురం:
సీటు దూది, పొట్టు, ఓ విత్తనాల బిల్లు.
'బాకీ' అన్న మాట దాకా కొరికి
ఎందుకో ఆపేసింది.

సిలిండర్లలో నూనె పోసి రెండు రాత్రులు వదిలేశాను.
మూడో రోజు పానా బిగించి చేత్తో తిప్పితే
మొరాయించింది.
మళ్ళీ తిప్పాను.
నిద్రలో ఎవరో పళ్ళు కొరికినట్టు
లోపలెక్కడో చిన్న చప్పుడు.
కదిలింది. వేలెడంత.
ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
ఆ వేలెడు నా దగ్గరే దాచుకున్నాను.

తొమ్మిది వారాలు.
బోర్లించిన బక్కెట్టు మీద ఆయన కాపలా.
నేను రంగు మీదికి వంగినప్పుడల్లా
"బెల్టు బిళ్ళ! బెల్టు బిళ్ళ వెనక్కి తిప్పుకో!"
పానా జారితే నాకంటే ముందు ఆయనకే ఊపిరాగేది.

మంచు కరిగి చేలు బురదగా ఉన్న పొద్దున
పదకొండో ప్రయత్నానికి దగ్గింది.
నీలం పొగ. ఇంకో దగ్గు.
తర్వాత ఆరు సిలిండర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి
ఒకే మాట మీదికొచ్చాయి.
పావురాలు ఆ రోజు తిరిగి రాలేదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా పిల్ల
తలెత్తకుండా అడిగింది, "బండి దేనికి వాడతారు?
సొంతానికా, ప్రదర్శనకా, సామానుకా?"
ప్రదర్శనకనే చెబుదామని నోరు తెరిచాను.
వెనక నుంచి ముసలాయన, గట్టిగా:
"సామాను."

తారురోడ్డు వద్దన్నాడు.
తమ్ముడి కొడుకు చేలోకి పోనిమ్మన్నాడు.
అక్కడ చలికాలం చలికాలానికీ
నేల కొత్తగా రాళ్ళు కంటుంది.
దున్నేముందు ఏరుకోకపోతే నాగలి పళ్ళు దక్కవు.

తొట్టిలో దుప్పటి పరుస్తానన్నాను.
ఆయన అప్పటికే వంగాడు,
ఎనభై ఎనిమిదేళ్ళ నడుముతో, రెండు దఫాలుగా.
కొబ్బరికాయంత రాయి.
పొట్టకు ఆనించుకుని వచ్చి
తొట్టి అంచు దాటించి
వదిలేశాడు.

ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి.

జానెడు గీత, తెల్లగా.
చూపుడు వేలితో ఆ చివర నుంచి ఈ చివరకు రాశాడు.
వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు.
"అది కూడా అందుకో," అన్నాడు,
నా కాళ్ళ దగ్గర ఇంకా పెద్దది చూపిస్తూ.

సాయంత్రం తిరిగొస్తుంటే
వెనక స్ప్రింగులు కుంగి, ముక్కు కాస్త పైకెత్తి
గతుకుల్లో రాళ్ళు దొర్లుతూ
బండంతా గోల.
ఏదో చెబుతున్నాడు, వినపడలేదు.
పక్కకి చూశాను:
కాళ్ళ సందున ఆ పాత ప్లాస్టిక్కుని
కుట్టు దగ్గర పట్టుకుని
కొద్దికొద్దిగా చింపుతున్నాడు.